తన్ను తాను తీర్చిదిద్దుకొన్న కవి: గుఱ్ఱం జాషువా

మహాకవుల జీవితములను చదువునప్పుడు మనకు సాధారణముగా రెండు విషయములు కనబడును. ఒకటి, వారికి పుట్టుకతో వచ్చిన ప్రతిభ. రెండవది, లోకము వారికి చేసిన సన్మానము. ఈ రెంటికి నడుమ ఒక దీర్ఘమైన బాట యున్నది. నిన్నటికంటె నేడు కొంచెము మెరుగుగా నుండవలెనని తనలో తాను తర్కించుకొని, అందదగిన చిన్న పనిని ముందుంచుకొని, అది ముగిసిన పిదప మరియొకదానికి చేయి చాచుచు, మనుష్యుడు సాగించు నిత్యకృషియే ఆ బాట. అది చాలవరకు మన కంటబడదు. సన్మానముల కాంతిలో మరుగుపడిపోవును. ఆ బాటను అడుగడుగునకు గుర్తింపదగిన జీవితము గుఱ్ఱం జాషువా కవిది.

జాషువా 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ కులమున బుట్టినది. ఆ యింట క్రైస్తవ మతము, ఆ యింటి వెలుపల నాలుగు వర్ణముల లోకము. వినుకొండ నాడు కృష్ణా జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడగా అందు చేరినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా వెలసిన పల్నాడు జిల్లాలో నేడున్నది. ఊరిపై రామలింగేశ్వరుడు కొలువైన కొండ గలదు. సీతాపహరణ వార్తను శ్రీరాముడు అచ్చటనే వినెననియు, అందుచేతనే ఆ కొండకు ఆ పేరు వచ్చెననియు స్థలపురాణము. విన్న దుఃఖమునకు క్రుంగిపోక కార్యమునకు పూనుకొన్నవాని కథ ఆ నేలకు పేరు పెట్టినదన్నమాట. ఆ కొండ నీడలో పెరిగిన బాలుడు కూడ చిన్ననాటినుండి వినరాని మాటలు ఎన్నో వినెను. వాని నేమి చేసికొనవలెనన్న ప్రశ్నయే అతని జీవితమునకు మూలసూత్రమయ్యెను.

పలనాడు సామాన్యమైన సీమ కాదు. పండ్రెండవ శతాబ్దిలో మాచెర్ల చెన్నకేశవుని భక్తుడైన బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని వీరగాథలు చెప్పును. మాలకన్నమదాసును కుమారునిగా భావించి సేనానిని చేసెననియు చెప్పును. ఆ చాపకూటి ఉత్సవము కారెంపూడి వీరుల తిరునాళ్ళలో ఏటేట జరుగుచునే యున్నది. ఇట్టి గాథలను పాడుకొను సీమలోనే, ఏడువందల యేండ్ల తరువాత, ఒక చిన్నవాడు బడికి పోయినప్పుడు తోటి బాలురు దూరముగా జరిగిరి. ఉపాధ్యాయులును చులకన చేసిరి. గాథను పాడుట వేరు, ఆ గాథ ప్రకారము బ్రతుకుట వేరు. ఈ వ్యత్యాసమును జాషువా పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. వీధిలో నడచి తెలిసికొనెను.

ఇట్టి స్థితిలోనున్న బాలునికి రెండు త్రోవలుండును. తన్ను తాను తక్కువవాడనని ఒప్పుకొని తలవంచుట ఒకటి. లోకమంతయు చెడ్డదని ద్వేషముతో ముడుచుకొనుట మరియొకటి. జాషువా మూడవ త్రోవ త్రొక్కెను. తనయందున్న కొరత యేది, తనపై రుద్దబడిన కళంక మేది అని వేరుచేసి చూచుకొనుట నేర్చెను. తనకు సంస్కృతము రాకపోవుట తనలోని కొరత. దానిని దిద్దుకొనుట తన చేతిలోని పని. తన్ను ముట్టరాదనుట ఎదుటివాని దోషము. దానిని తనదిగా మోయ నక్కరలేదు. ఆత్మపరిశీలన యనగా తన్ను తాను నిందించుకొనుట యని భ్రమపడువారు మనలో పెక్కురు. జాషువా జీవితమున ఆత్మపరిశీలన త్రాసువంటిది. ఈ పళ్ళెములో తనవి, ఆ పళ్ళెములో లోకమువి. తనవాటికి కృషి, లోకమువాటికి ధిక్కారము. ఆయన వార్ధక్యమున వెనుదిరిగి చూచుకొన్నప్పుడు, దారిద్ర్యమును, కులమతభేదమును తన ఇరువురు గురువులుగా లెక్కించుకొనెను. మొదటిది ఓర్పును నేర్పెననియు, రెండవది తన్ను దాసునిగా చేయలేక ఎదిరించు శక్తిని పెంచెననియు ఆయన భావన.

1910లో ఆయనకు మేరీతో వివాహమయ్యెను. అప్పటికి ఆయన వయస్సు పదునైదేండ్లు. సంసారము మీద పడినది. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా కుదిరెను. ఆ యుద్యోగమును పోయినది. బ్రతుకు దెరువు వెదకికొనుచు రాజమహేంద్రవరము చేరి, 1915, 16 సంవత్సరములలో ఒక చిత్రమైన పని చేసెను. అవి మూకీ చిత్రముల దినములు. తెరపై బొమ్మలు కదలును గాని పలుకవు. తెర ప్రక్క నిలిచి, కథను, పాత్రల సంభాషణలను ప్రేక్షకులకు వినిపించు వాచకుడు కావలెను. జాషువా ఆ వాచకుడయ్యెను. పండితుని మెప్పించుటకు వ్యాకరణము చాలును. బండివానిని, బట్టలవర్తకుని, పిల్లలతల్లిని ఒకే గదిలో కూర్చుండబెట్టి కదలకుండ వినిపించుటకు మాటలో ఒక వెలుగు కావలెను. తరువాతి కాలమున ఆయన పద్యము నాటకరంగమున మారుమ్రోగుటకు, అక్షరము రానివారి నోటను నిలుచుటకు, ఈ అనుభవము కూడ కొంత కారణమై యుండునని ఊహింపవచ్చును. హరిశ్చంద్ర నాటకమున కాటిసీను వచ్చినప్పుడు నటకులు జాషువా శ్మశాన పద్యములను ఎత్తుకొనుటయు, జనము మరల మరల పాడించుకొనుటయు పల్లెపట్టుల నెరుగనివా రెవరు?

చేయుచున్న పని యేదైనను, నేర్చుకొనవలసిన దొకటి ఆయన ముందు ఎప్పుడును ఉండెడిది. బాల్యమిత్రుడైన దీపాల పిచ్చయ్యశాస్త్రితో కలిసి జంటకవిత్వము చెప్పవలెనని ఒక సమయమున ఉబలాటపడెను. అది సాగలేదు, ఎవరి త్రోవ వారిదయ్యెను. అంతమాత్రమున కవిత్వమును విడువలేదు. వినుకొండలో నొక అవధాన సభ జరిగినప్పుడు తాను వ్రాసిన పద్యములను చదివి వినిపించెను. తక్కువకులపువానిని సభకెట్లు రానిచ్చితిరని కొందరు ఆక్షేపించి ఆయనను అవమానించిరి. పద్యము బాగున్నదా లేదా యన్న ప్రశ్నయే అచ్చట రాలేదు. యువకుడైన కవికి ఇంతకంటె పెద్ద దెబ్బ మరియొకటి యుండదు. లోపము చూపినచో దిద్దుకొనవచ్చును. చదువకయే త్రోసివేసిన పద్యమును ఎట్లు దిద్దుకొనుట?

ఈ ప్రశ్నకు ఆయన చెప్పుకొన్న సమాధానము ఆయన ఆచరణలో కనబడుచున్నది. త్రోసివేయుటకు సాకు మిగులకుండ తన విద్యను నింపుకొనవలెను. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి నాశ్రయించి మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము అను కాళిదాస కావ్యములను పఠించెను. అస్పృశ్యుడని యెంచబడిన యువకునికి సంస్కృతము చెప్పుట ఆ కాలమున గురువునకును సాహసమే. సంస్కృతాంధ్రములు రెండింటను ప్రవేశము గడించి ఉభయభాషాప్రవీణ పట్టమును పొందెను. ఈ చదువు ఒక్క గంతులో వచ్చినది కాదు. పొట్టకూటి పని ఒక ప్రక్క, బిడ్డల పెంపకము ఒక ప్రక్క. మిగిలిన వేళలో ఒక కావ్యము, దాని తరువాత మరియొక కావ్యము. కొండను చూచి బెదరినవాడు ఎక్కలేడు. ముందున్న మెట్టును మాత్రమే చూచుకొన్నవాడు ఎప్పుడో ఒకనాటికి శిఖరముపై నుండును.

గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున సుమారు పదేండ్లు పనిచేసి, 1928 నుండి 1942 వరకు తెలుగు పండితుడుగా నుండెను. ఆయన కవితాజీవితమున ఫలవంతమైన కాలమిదియే. ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి గలదు. తొలినాళ్ళలో ఆయన రుక్మిణీకల్యాణము, కుశలవోపాఖ్యానము వంటి పురాణ వస్తువులను చేపట్టెను. పెద్దల అడుగుజాడలలో చేయి తిప్పుకొను దశ అది. క్రమముగా వస్తువు దగ్గరికి వచ్చినది. గిజిగాడు, సాలీడు, శిశువు, అనాథ మున్నగునవి కావ్యవస్తువులైనవి. రోజంతయు బడిలో పాఠములు చెప్పు మనుష్యునికి పండ్రెండాశ్వాసముల ప్రబంధము వ్రాయుటకు తీరిక యెక్కడిది? ఒక చిన్న వస్తువును తీసికొని, కొలది పద్యములలో దానిని పూర్తిచేసి, ప్రక్కన పెట్టి, మరియొకదానిని అందుకొనుటకు ఖండకావ్యము అనువైన ప్రక్రియ. ఆ ఖండికలు పోగుపడి సంపుటములైనవి. సంపుటములు పోగుపడి ఒక మహాకవి యయ్యెను.

ఆ గిజిగానిని, ఆ సాలీనిని ఆయన ఏల యెన్నుకొనెనో ఆలోచింతము. గిజిగాడు ఒక్కొక్క పీచును ముక్కున కరచి తెచ్చి, గాలికి ఊగు కొమ్మ చివర చెదరని గూడు అల్లును. దానికి పనిముట్లు లేవు, నేర్పిన బడి లేదు. సాలెపురుగు తన కడుపులోని దారమునే తీసి కొలతతప్పని వల పన్నును; ఎవరో వచ్చి చీపురుతో దులిపివేయుదురు; మరునాటికి మరల అచ్చటనే వల. ఎవరును గౌరవింపని అల్పజీవుల క్రమశిక్షణను, ఓరిమిని జాషువా మెచ్చుకొనుటలో ఆయన స్వీయజీవితపు నీడ లేదనగలమా? కవి తన్ను గూర్చి వ్రాయకయే తన్ను గూర్చి వ్రాసికొను పద్ధతి యిది.

పిమ్మట వచ్చిన ఫిరదౌసి కావ్యము ఆయన కీర్తిని తెలుగునాట నలుదెసల వ్యాపింపజేసినది. పారసీక మహాకవి ఫిరదౌసి ముప్పది యేండ్లకు పైగా శ్రమించి క్రీ. శ. 1010 ప్రాంతమున ముగించిన షానామా సుమారు ఏబదివేల ద్విపదల గ్రంథము. పద్యమునకొక బంగారు నాణెము ఇత్తునన్న గజనీ సుల్తాను మహమ్మదు మాట తప్పి వెండి పంపెననియు, పశ్చాత్తాపముతో బంగారము పంపునప్పటికి ఒక ద్వారమున ఒంటెలు ప్రవేశించుచుండగా వేరొక ద్వారమున కవి శవము వెడలుచుండెననియు ఐతిహ్యము. సింహాసనము కవికి బాకీపడిన కథ యిది. తన శ్రమకు తగిన ప్రతిఫలము సమాజమునుండి రాకపోవుట యననేమో అనుభవించి యెరిగినవాడు గనుకనే జాషువా దూరదేశపు కవి వేదనను తన వేదనగా చెప్పగలిగెను. అంతకంటె లోతైన భావ మొకటి అందు గలదు. ప్రతిఫలము ఇచ్చువాడు మాట తప్పవచ్చును. పని మాత్రము పూర్తియైనది. షానామా నిలిచినది. కృషికి గురి బంగారమైనచో ఫిరదౌసి ఓడిపోయినవాడు; గురి గ్రంథమైనచో గెలిచినవాడు.

1941లో గబ్బిలము వెలువడినది. కాళిదాసుని మేఘసందేశమును గురువుగారి యెదుట కూర్చుండి చదివిన శిష్యుడు, ఆ విద్యను తన జనుల గొంతుగా మార్చిన ఘట్టమిది. అచ్చట యక్షుడు ప్రభుశాపముచే ఒక్క సంవత్సరము ప్రియురాలికి దూరమై మేఘమును దూతగా పంపును. ఇచ్చట తంజావూరు సీమలోని ఒక అస్పృశ్యుడు తన గోడును కాశీ విశ్వనాథునికి విన్నవించుటకు గబ్బిలమును వేడుకొనును. యక్షుని శిక్షకు గడువున్నది. ఇతని శిక్షకు గడువు లేదు. యక్షుడు ఊరినుండి వెలివేయబడెను. ఇతడు ఊరిలోనే యుండి వెలివేయబడెను. దూతను ఎన్నుకొనుటలోనే కావ్యమంతయు నున్నది. మనుష్యునికి మూసిన గుడితలుపులు గబ్బిలమునకు తెరచియే యున్నవి. అది గర్భాలయపు కప్పున తలక్రిందుగా వ్రేలాడును. అర్చకుడు దరిలేని సమయము చూచి దేవుని చెవిలో ఈ మాట వేయగలదు. 1941 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికి వర్తించు దేవాలయ ప్రవేశ చట్టము రాలేదు. అది 1947లో వచ్చినది. అంటరానితనమును రద్దుచేసిన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చినది. శాసనకర్తలకంటె ముందుగా కవి పలికినాడు.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఎవరికివారు తమ్ము తాము మెరుగుపరచుకొన్నచో చాలదా, లోకముతో తగవేల? జాషువా జీవితము దీనికి స్పష్టమైన సమాధానము. ఆయన తన్ను తాను మెరుగుపరచుకొనుటలో లోపము చేయలేదు. పండితుడయ్యెను, కవియయ్యెను, బిరుదులందుకొనెను. అయినను అవమానము పూర్తిగా ఆగలేదు. అనగా కొరత ఆయనలో లేదని ఋజువైనది. తన వంతు పనిని నిండుగా చేసినవాడు మాత్రమే మిగిలిన దోషము ఎవరిదో వ్రేలెత్తి చూపగలడు. ఆత్మసంస్కారము ఆయనను లోకమునుండి తప్పించినది కాదు. లోకమును నిలదీయు అర్హతను, భాషను ఇచ్చినది.

దెబ్బ ఒక్క వైపునుండియే రాలేదు. అంటరానివాడని హిందూ సమాజము దూరముంచగా, క్రైస్తవుడై యుండి హిందూ పురాణ వస్తువులపై కావ్యములు వ్రాయుచున్నాడని క్రైస్తవ మతపెద్దలు కినిసి ఆయన కుటుంబమును సంఘమునుండి వెలివేసిరి. రెండిండ్ల తలుపులు మూయబడినవాడు మూడవ యిల్లు కట్టుకొనవలెను. జాషువా కట్టుకొన్న యిల్లు మానవత్వము. తాను ఏ గిరిలోను ఇమడని విశ్వమానవుడనని ఆయన నమ్మిక. ఆ నమ్మిక ద్వేషముగా మారలేదు. బుద్ధుని గూర్చి వ్రాసిన చేతనే, తన్ను వెలివేసినవారు కొలుచు క్రీస్తును గూర్చి మహాకావ్యము వ్రాసెను. 1958లో వెలువడిన ఆ క్రీస్తు చరిత్రమునకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. వెలివేసినవారిపై ఇంతకంటె మధురమైన గెలుపు వేరొకటి కలదా?

ఉద్యోగములు మారుచునే వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున యుద్ధ ప్రచారకుడుగా కొంతకాలము, 1957 నుండి 1959 వరకు మద్రాసు ఆకాశవాణి కేంద్రమున కార్యక్రమ నిర్మాతగా కొంతకాలము పనిచేసెను. ఏ కొలువున నున్నను కలము ఆగలేదు. ముంతాజమహలు, కాందిశీకుడు, నేతాజీ, బాపూజీ, ముసాఫరులు, నాగార్జునసాగరము ఒకదానివెంట ఒకటి వచ్చినవి. తిరుపతి వేంకట కవులలో నొకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వయముగా తమ చేతులతో జాషువా కాలికి గండపెండేరము తొడిగిరి. ముట్టరాదన్న సమాజమున, శతావధానియైన వృద్ధ బ్రాహ్మణ పండితుడు వంగి ఆ పాదమును తాకిన క్షణమది. చదువకయే పద్యమును త్రోసివేసిన నాటి సభకు ఇంతకంటె తగిన బదులుండదు. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యత్వము, 1970లో కళాప్రపూర్ణ, పద్మభూషణ పురస్కారములు లభించినవి.

ఇన్నియు వచ్చుచున్న కాలముననే, 1966లో, డెబ్బదియొకటవ యేట ఆయన నా కథ యను స్వీయచరిత్రను ప్రకటించెను. పురస్కారములందుకొను వయస్సున వెనుకకు చూచుటకు చాలమంది ఇష్టపడరు. చూచినను పూలబాటనే చూతురు. జాషువా తన బాల్యపు అవమానములను, ఆకలిని, తడబాట్లను మరల ముందు పెట్టుకొని పరిశీలించెను. పగ తీర్చుకొనుటకు కాదు, లెక్క సరిచూచుకొనుటకు. వర్తకుడు ఏడాది చివర ఖాతా ముగించునట్లు, బ్రతుకు చివర ఆయన తన ఖాతా విప్పి, తనకు రావలసినదేమో, తానిచ్చినదేమో చదువరుల యెదుట పరచెను. 1971 జూలై 24వ తేదీన గుంటూరులో కన్ను మూసెను.

ఆయన నాటిన క్రమము ఇంటిలోనే మరియొక చిగురు తొడిగినది. 1932లో వినుకొండలో జన్మించిన కుమార్తె హేమలత, నాస్తికోద్యమ నాయకుడైన గోరాగారి కుమారుడు లవణమును వివాహమాడి, నేరస్థులని ముద్రవేయబడిన స్టూవర్టుపురము కుటుంబముల సంస్కరణకును, నిజామాబాదు ప్రాంతమున జోగిని దురాచార నిర్మూలనమునకును పాటుపడెను. 2008లో ఆమె స్వర్గస్థురాలయ్యెను. తండ్రి అక్షరముతో చేసిన పనిని కూతురు చేతులతో చేసెను.

నేడు ఆత్మోన్నతిని గూర్చిన గ్రంథములు అంగళ్ళ నిండ నున్నవి. తెల్లవారక ముందే లేవుమనియు, గురి వ్రాసికొమ్మనియు, గది సర్దుకొమ్మనియు అవి బోధించును. అవి చెడ్డ మాటలు కావు. కాని వాని నడుమ ఒక మాట లోపించినది. మనలో మనము దిద్దుకొనవలసినదేదో, మనము దిద్దుకొన నక్కరలేనిదేదో వేరుచేసి చూపు వివేకము అందు కానరాదు. మార్కులు తక్కువ వచ్చెనని కుమిలిపోవు విద్యార్థి, ఊరిపేరో కులముపేరో చెప్పుటకు జంకు విద్యార్థి, ఇరువురును మా తరగతులలో పక్కపక్కనే కూర్చుందురు. మొదటివానికి చెప్పవలసినది ఓర్పుతో కూడిన కృషి. రెండవవానికి చెప్పవలసినది తలయెత్తుకొని నిలుచుట. ఇరువురికిని ఒకే మందు పనికిరాదు. ఈ రెండు పాఠములను ఒకే జీవితమున చూపినవాడు జాషువా.

వినుకొండ కొండమీది రామలింగని దర్శింప బోవువారు మెట్లెక్కుచు ఒక్కసారి వెనుదిరిగి క్రిందనున్న ఊరిని చూతురు గాక. మూడు రూపాయల జీతముతో బయలుదేరిన పాదము ఒకటి ఆ వీధులనుండియే నడచి గండపెండేరము వరకు పోయినది. అది ఎంత దూరము నడచెనన్నది ముఖ్యము కాదు. త్రోవలో తన్ను త్రోసినవారిని క్షమించునప్పుడును, త్రోసిరన్న సత్యమును మరువకపోవుటయే అందలి ఘనత.